వెనక తలుపు గురించి వాళ్ళు ముందే చెప్పారు

రిటైరైన రోజున శాలువా కప్పి నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఎదురుగా ముందు వరసలో ఇద్దరు అమ్మాయిలు కూర్చున్నారు. హెచ్.ఆర్. చదువుకుని మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు. నేనేదో పనికొచ్చే విషయం చెబుతానని నోటుబుక్కులు తెరిచి పెట్టుకున్నారు. నేను "అందరికీ ధన్యవాదాలండీ" అని చెప్పి కూర్చున్నాను. వాళ్ళు నోటుబుక్కులు మూసేశారు.

ఆ రోజు చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి, ట్రైనింగుల గురించి రాయను. అవి ఎవరైనా చెబుతారు.

నా పేరు సుశీల. మాది తాడేపల్లిగూడెం. మా నాన్నగారు మిషన్ స్కూల్లో టీచరు. ఏలూరు దాటాక కొల్లేరు వైపు వెళ్ళే రోడ్డు మీద ఒక పెద్ద కంపెనీవారి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో నేను సంక్షేమ అధికారిగా పనిచేశాను. మండవల్లి, కలిదిండి, కొల్లేటికోట వైపు నుంచి ఆడవాళ్ళు తెల్లవారుతూనే కంపెనీ బస్సుల్లో వచ్చేవారు. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీసేవారు, పొట్టు వలిచేవారు. వాళ్ళ బాగోగులు చూడడం నా ఉద్యోగం. కనీసం నా కుర్చీ వెనక గోడ మీద అలాగే రాసి ఉండేది.

అరిచే మనిషి లేని చోటు

ఈ కంపెనీకి రాకముందు తాడేపల్లిగూడెంలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో పనిచేశాను. అక్కడ ఓనరు గారు గుమ్మం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. కోపం వస్తే ఊరంతా వినబడేలా అరిచేవారు. సాయంత్రానికి చల్లబడి "ఏవమ్మా, ఇంటికెళ్ళలేదా ఇంకా?" అనేవారు. సెలవు దొరుకుతుందో లేదో ఆయన మొహం చూస్తే తెలిసిపోయేది.

పెద్ద కంపెనీలో చేరిన మొదటి నెలలోనే నాకు తల తిరిగింది. ఆడవాళ్ళు భోజనం చేసే హాల్లో మంచినీళ్ళ కుళాయి ఒక్కటే ఉంది. ఇంకొకటి పెట్టించమని సూపర్‌వైజరు గారిని అడిగితే మేనేజరు గారిని అడగమన్నారు. మేనేజరు గారు హెడ్డాఫీసుకి రాయమన్నారు. హెడ్డాఫీసువాళ్ళు మీ ప్లాంటు స్థాయిలోనే నిర్ణయం తీసుకోండని జవాబిచ్చారు. కాదన్నవాళ్ళు ఎవరూ లేరు. కుళాయి మాత్రం రాలేదు. ఎవరి మీద కోప్పడాలో తెలియని చోట పనిచేయడం నాకు అదే మొదలు.

అయితే ఒక సంగతి దాచకూడదు. అదే ఏడాది వలిచే సెక్షన్లో ఒకమ్మాయికి కాన్పు సెలవు కావాల్సి వచ్చింది. మిల్లులో అయితే "ఇంక రాకమ్మా" అనేవారు. ఇక్కడ ఎవరినీ బతిమాలకుండానే రూల్ ప్రకారం సెలవు వచ్చింది, తిరిగొస్తే ఆమె చోటు ఆమెకే ఉంది. మేనేజరు గారి చుట్టమైనా, కొల్లేరు లంకలోని ఆడమనిషైనా అదే కాగితం, అదే సెలవు. పెద్ద కంపెనీ మీద నాకు గౌరవం కలిగింది అలాంటి రోజుల్లోనే. ఆ గౌరవమే తరవాత నన్ను ముంచింది.

అన్ని కాగితాల్లోనూ ఒకటే మాట

ఏటా హెడ్డాఫీసు నుంచి అభిప్రాయ సేకరణ ఫారాలు వచ్చేవి. వాటిలో పేరు రాయక్కర్లేదు. రెండే ప్రశ్నలు. ఈ సంస్థలో మీకు నచ్చేది ఏమిటి? నచ్చనిది ఏమిటి?

చాలా ఏళ్ళు నేను ఆ ఫారాలను కట్టలు కట్టి పంపించడమే చేశాను. ఒక ఏడాది కట్ట ఊడి కింద పడింది. ఏరుతూ చదివాను. నచ్చేది: అంతా బాగుంది. నచ్చనిది: ఏమీ లేదు. ఇంకో కాగితం తీశాను. అదే మాట. ఇంకోటి, ఇంకోటి. వందలాది కాగితాల మీద మూడే మూడు చేతిరాతలు ఉన్నాయి. ముగ్గురు సూపర్‌వైజర్లు కూర్చుని అందరి తరఫునా రాసేశారు.

నేల మీద ఆ కాగితాల మధ్యే కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళుగా నేను పంపిస్తున్నది ఇదా అనిపించింది.

అప్పటి జనరల్ మేనేజరు ప్రసాదరావు గారి దగ్గరకి వెళ్ళి చూపించాను. మెత్తని మనిషి. గొంతు పెంచి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. ఆయన నవ్వి, "చాలామందికి రాయడం రాదు కదండీ సుశీల గారూ. పోనీ మీరే కూర్చుని అడిగి రాసుకోండి" అన్నారు.

సరేనండీ అన్నాను.

కాంటీన్ బల్ల దగ్గర

భోజనాల వేళ కాంటీన్లో ఒక మూల బల్ల వేసుకుని కూర్చున్నాను. ఇద్దరిద్దరుగా వచ్చేవారు. మొదటి రెండు రోజులూ అంతా బాగుందనే అన్నారు. మూడో రోజు కొల్లేటికోట నుంచి వచ్చే ధనలక్ష్మి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. వలిచే సెక్షన్లో అందరికంటే చురుకైన చెయ్యి ఆమెది.

"నిజంగానే రాత్తారాండీ?" అంది.

"రాస్తానమ్మా. పేరు రాయను."

"నాకు గేటు నచ్చుద్దండీ."

"గేటా?"

"ఆయ్. ఇదివరకు చేపల చెరువుల కాడ పనిచేసేదాన్నండీ. మా ఆయన తాగేసి గట్టు మీదకొచ్చి, అందరి ముందూ జుట్టు పట్టుకుని కొట్టేవోడు. ఇక్కడ గేటు దాటి లోపలికి రాలేడు కదండీ. సెక్యూరిటీవోళ్ళు రానివ్వరు. సాయంత్రం దాకా నన్నెవరూ కొట్టరండీ."

నా పెన్ను ఆగిపోయింది. బస్సో, కాంటీనో, పండక్కిచ్చే చీరో చెబుతుందనుకున్నాను. ప్లాంటు ముందు నిలబడే ఇనప గేటు ఒక మనిషికి ఊపిరి తీసుకునే చోటు అవుతుందని నా ఊహకి ఎప్పుడూ అందలేదు.

ఆమె తరవాత అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. బస్సు టైముకి వస్తుందండీ అన్నారు. కాంటీన్లో అందరం ఒకే బల్ల మీద కూర్చుని తింటామండీ, మా ఊళ్ళో అయితే కూర్చోనివ్వరు అన్నారు. బ్యాడ్జీ మీద నా పేరు అచ్చేసి ఉందండీ, ఇంట్లో గోడకి తగిలిస్తాను అంది ఒకామె.

నచ్చనివి చెప్పేటప్పుడు గొంతులు తగ్గేవి. బాత్రూంకి వెళ్ళాలంటే సూపర్‌వైజరు దగ్గర ప్లాస్టిక్ బిళ్ళ తీసుకోవాలట. హాలు మొత్తానికి నాలుగే బిళ్ళలు. "అందుకని నీళ్ళు తాగడం మానేశామండీ" అంది కలిదిండి నుంచి వచ్చే ఒక పెద్దావిడ, అదేదో చిన్న సర్దుబాటు అన్నట్టు. ఆ బిళ్ళలు వేలాడే మేకు పక్కనుంచి నేను రోజూ నడిచేదాన్ని. అవి ఏమిటని ఒక్కసారీ అడగలేదు. రెండో కుళాయి కోసం హెడ్డాఫీసుకి ఉత్తరాలు రాసింది కూడా నేనే.

పేరుతో కాకుండా నంబరుతో పిలుస్తారండీ అన్నారు. మమ్మల్ని ఈ సెక్షన్ నుంచి ఆ సెక్షన్‌కి ఎవరు మారుస్తారో, ఎందుకు మారుస్తారో తెలీదండీ అన్నారు. ఆ తరవాత చాలామంది, ఒకరితో ఒకరు చెప్పుకోకుండానే, ఒకే మాట అన్నారు.

"వెనక తలుపుకి తాళం ఎందుకేత్తారండీ?" అంది ధనలక్ష్మి. "మిషన్ రూమ్ వైపు నించి అప్పుడప్పుడూ ముక్కు మండే వాసనొత్తాదండీ. ముందు తలుపేమో ఆ రూమ్ పక్కనే ఉంది. ఏదన్నా అయితే మేం ఎటు పోవాలండీ?"

రాసుకున్నాను. అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను.

నేను చేసిన తప్పు

హెడ్డాఫీసు ఇచ్చిన నమూనాలో గళ్ళు ఉంటాయి. రవాణా, భోజనం, సెలవులు, పై అధికారుల ప్రవర్తన. తాళానికి గడి లేదు. వాసనకీ లేదు. నేను ఆలోచించి ఆ మాటలన్నిటినీ "చిన్న చిన్న అసౌకర్యాలు" అనే గడిలో వేశాను. టైపు చేసి, సంతకం చేసి పంపించాను. సారాంశం చక్కగా ఉందని హెడ్డాఫీసు నుంచి మెచ్చుకుంటూ జవాబొచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు నాకు చాలా సంతోషమేసింది.

నోటిమాటగా ప్రసాదరావు గారికి మాత్రం చెప్పాను.

"ఆ తలుపు తీసిపెడితే సరుకు బయటికి పోతుందండీ సుశీల గారూ. పైనుంచి ఆర్డరు. నా చేతుల్లో లేదు" అన్నారు.

"మరి ఆ వాసనండీ?"

"అమ్మోనియా మీద నడిచే ప్లాంటండీ. కాస్త వాసన ఉంటుంది. మస్తాన్ గారు చూసుకుంటున్నారు కదా."

మస్తాన్ గారు మిషన్ రూమ్ ఆపరేటరు. ఏలూరు మనిషి. శీతలీకరణ యంత్రాల దగ్గరే జీవితమంతా గడిపారు. వెళ్ళి అడిగితే రిజిస్టరు తీసి చూపించారు. ఒక వాల్వు మార్చాలని ఆయన నాలుగుసార్లు రాశారు. ప్రతిసారీ పక్కన ఎవరిదో సంతకం, "పరిశీలనలో ఉంది" అని.

"నేను రాశానండీ మేడం. రాయడం వరకే నా పని" అన్నారు.

నాదీ అంతే కదా అనుకున్నాను. నేనూ రాశాను. ఇద్దరమూ రాశాం. ఆ మాట నాకు ఆ రోజు ధైర్యంగా అనిపించింది.

ఆ మధ్యాహ్నం

అయిదారు నెలలు గడిచాయి. ఒకరోజు భోజనాలయ్యాక, రెండున్నర ప్రాంతంలో, నా గదిలో కూర్చుని సెలవు చీటీలు చూసుకుంటున్నాను. కళ్ళు ఒక్కసారిగా మండాయి. ఎవరో మొహం మీద కారం కొట్టినట్టయింది. అప్పుడు సైరన్ మోగింది.

బయటికి పరుగెత్తాను. మిషన్ రూమ్ వైపు నుంచి తెల్లటి పొగలాంటిది కమ్ముకొస్తోంది. ముందు తలుపు దగ్గర ఉన్నవాళ్ళు కొందరు దగ్గుకుంటూ బయటపడ్డారు. ఆ తరవాత ఎవరూ రాలేదు. ఆ దారి మూసుకుపోయింది. మిగిలినవాళ్ళంతా వెనక్కి పరుగెత్తి ఉంటారని నాకు అర్థమైంది. వెనక తలుపుకి తాళం ఉంది. తాళంచెవి గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో ఉంది.

గేటు దగ్గరకి ఎలా పరుగెత్తానో తెలియదు. అక్కడ ఉన్నది ఈమధ్యే చేరిన కాపలా మనిషి.

"వెనక తలుపు తాళంచెవి ఇవ్వండి!" అని అరిచాను.

అతను మేకు మీద నుంచి తాళంచెవి తీశాడు. తీసి, రెండో చేత్తో రిజిస్టరు నా ముందుకి జరిపాడు.

"సంతకం మేడం. సంతకం లేకుండా ఇత్తే నా ఉద్యోగం పోద్దండీ."

నేను సంతకం పెట్టాను.

ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. లోపల మనుషులు ఊపిరాడక తలుపు బాదుతుంటే, నేను వంగి, పెన్ను తీసుకుని, పేరు రాశాను. హోదా రాశాను. గోడ గడియారం చూసి టైము రాశాను. "కారణం" అనే గడి ఉంది. అందులో "అత్యవసరం" అని రాశాను. తాళంచెవి లాక్కోవచ్చని నాకు తట్టలేదు. అతన్ని తోసేయవచ్చని తట్టలేదు. ఎవరూ బలవంతం చేయలేదు. నా చెయ్యి దానంతట అదే రాసింది.

ప్లాంటు చుట్టూ తిరిగి వెనక్కి చేరేసరికి తలుపు మీద ఇనుము మోగుతున్న చప్పుడు వినబడుతోంది. తాళం తీయగానే ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి వచ్చారు. అందరి మొహాలకీ పనిలో కట్టుకునే ఏప్రాన్లు తడిపి చుట్టి ఉన్నాయి. ధనలక్ష్మి చెప్పిందట, ఐసు నీళ్ళ తొట్టిలో ముంచి మొహాలకి చుట్టుకోమని. ఆమె మొహానికి మాత్రం ఏమీ చుట్టుకోలేదు. స్టీలు ట్రే రెండు చేతులతో పట్టుకుని తలుపు బాదుతూ నిలబడింది. తలుపు తెరుచుకున్నాక కూడా చేతులు ఆగలేదు. ఇంకా గాలిలో బాదుతూనే ఉంది.

అదే సమయంలో మస్తాన్ గారు తడి తువ్వాలు ముక్కుకి కట్టుకుని మిషన్ రూమ్‌లోకి వెళ్ళి వాల్వు మూశారు. మూసి, గోడ పట్టుకుని బయటికి వచ్చి, కూలబడిపోయారు.

దేవుడి దయవల్ల ఎవరూ చనిపోలేదు. మస్తాన్ గారి ఊపిరితిత్తులు మళ్ళీ కోలుకోలేదు. ఆయన ఆ ప్లాంటులో ఇంక అడుగుపెట్టలేదు. ధనలక్ష్మి ఎడమ కన్ను పోయింది.

మూడో రోజున ఏలూరు ఆసుపత్రికి వెళ్ళాను. ధనలక్ష్మి కళ్ళకి కట్టు ఉంది. నా గొంతు గుర్తుపట్టి మంచం మీద లేచి కూర్చుంది.

"మేడం, నా ఉద్యోగం ఉంటదాండీ?" అంది. "నన్ను ఇంటికాడ కూచోబెట్టకండి మేడం."

కన్ను గురించి అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

నాలుగు రోజులు

హెడ్డాఫీసు నుంచి ముగ్గురు వచ్చి విచారణ జరిపారు. మీటింగు గదిలో ప్రసాదరావు గారు, నేను, ఇంకో ఇద్దరు అధికారులం ఉన్నాం.

"ఈ తలుపు గురించి ఇంతకుముందు ఎవరైనా ఫిర్యాదు చేశారా?" అని అడిగారు వాళ్ళలో పెద్దాయన.

"లిఖితపూర్వకంగా ఏమీ లేదండీ" అన్నారు ప్రసాదరావు గారు.

అది అబద్ధం కాదు. అలా నిజం అయ్యేటట్టు చేసింది నేనే. నేను పంపిన సారాంశంలో తలుపు అనే మాటే లేదు. ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో బెదిరింపు లేదు. బతిమాలడం ఉంది.

మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి బయటికి వచ్చాను. నా గదిలో బీరువా తీశాను. కాంటీన్ బల్ల దగ్గర రాసుకున్న పుస్తకం అక్కడే ఉంది. దాన్ని బల్ల మీద పెడితే ఆయన ఉద్యోగంతో పాటు నాదీ పోవచ్చు. చాలాసేపు నిలబడ్డాను. అంత సేపు ఎందుకు నిలబడ్డానో ఇప్పటికీ నాకు సిగ్గే.

తీసుకెళ్ళి వాళ్ళ ముందు పెట్టి, "వీళ్ళంతా చెప్పారండీ. నేనే చిన్న అసౌకర్యం అని రాశాను" అన్నాను.

పెద్దాయన పేజీలు తిప్పారు. ప్రసాదరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టుకున్నారు.

నాలుగు రోజుల్లో ఆ తలుపు మారింది. లోపలి నుంచి చేత్తో నెడితే తెరుచుకునే తలుపు పెట్టారు. కొత్త వాల్వులు వచ్చాయి. బిళ్ళలు తీసేశారు. రెండో కుళాయి కూడా వచ్చింది. నాలుగే రోజులు! నాకు ప్రమాదం కంటే ఇది ఎక్కువ దిగ్భ్రాంతి కలిగించింది. చేతకాక చేయలేదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. చేయగలరు. అన్నీ చేయగలరు.

ప్రసాదరావు గారిని వేరే రాష్ట్రానికి బదిలీ చేశారు. వెళ్ళేముందు నా గది గుమ్మం దగ్గర ఆగి, "మీరు చేసిందే సరైనదండీ" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదని మళ్ళీ చెబుతున్నాను. కొత్తగా చేరే పిల్లలు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. చెడ్డవాళ్ళుంటే జాగ్రత్తగా ఉంటాం. మా ప్లాంటులో అందరూ మంచివాళ్ళే, ఎవరి గడి వాళ్ళు నింపేవాళ్ళే.

నాకు హెచ్చరిక మెమో వచ్చింది. అందులో రాసినవన్నీ నిజాలే.

కొల్లేటికోట

రెండు నెలల తరవాత ధనలక్ష్మి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆమెను ఆఫీసులో కూర్చునే పనికి తీసుకుంటామని కంపెనీ ఒప్పుకుంది. ఆ కాగితం నేనే స్వయంగా ఇవ్వాలనుకున్నాను.

ఇంటి ముందు వసారాలో కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. ఒక కన్ను మూసుకుపోయి ఉంది. నన్ను చూసి గబగబా చేతులు కడుక్కుని కుర్చీ వేసింది. కాగితం చదివి వినిపించాను. "మళ్ళీ బస్సెక్కుతానన్నమాట" అని చిన్నపిల్లలా నవ్వింది.

నాకు చెప్పుకోవాల్సింది ఇంకా ఉంది. తల వంచుకుని చెప్పాను.

"అమ్మా, ఆ రోజు తాళంచెవి కోసం సంతకం పెడుతూ నిలబడ్డానమ్మా. అంతకుముందు నువ్వు చెప్పింది కూడా సరిగ్గా పైకి పంపించలేదు. నన్ను క్షమించు."

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఒక మాట చెప్తానండీ, ఏమనుకోకండి" అంది. "మీరు కాంటీన్లో కూచుని అడిగేరు చూడండి, దానికి ముందు వారం మేం కొంతమందిమి అనుకున్నామండీ. ఆ తాళం పగలగొట్టేద్దావని. రాయి కూడా తెచ్చి బస్సు కాడ దాచేమండీ. ఉద్యోగాలు పోతే పోనీ అనుకున్నాం. ఇంతట్లోకి మీరొచ్చి అడిగేరు. అన్నీ రాసుకున్నారు."

నేను తలెత్తి చూశాను.

"పెద్ద మేడం గారు రాసుకున్నారు కదా, ఇంక వాళ్ళే చూసుకుంటార్లే అనుకున్నామండీ. రాయి పారేశాం."

ఆమె నా వైపు ఒక కంటితో చూస్తూ, కోపం లేకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"మీరు అడక్కపోయుంటే బాగుండేదండీ."